డాక్టరు సారు బండికి నిలవని చోక్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది వేసవి. ప్రొద్దుటూరులో నేను మోటారుసైకిళ్ల షాపు పెట్టి అప్పటికి ఆరేళ్లు. ఆ ఎండల్లో నా ప్రాణం తోడేసిన బండి ఒకటుంది. యుద్ధంలో తిరిగి తిరిగి, చివరికి వేలంలో పశువుల డాక్టరు సారు చేతికొచ్చిన సీమ బండి, ఇంగ్లండులో తయారైంది. ఇంజను రాయిలా ఉండేది. చోక్ మాత్రం తెరిచి పెడితే తెరిచి ఉండేది కాదు.

చోక్ అంటే కార్బురేటర్‌లోకి పోయే గాలికి అడ్డుపడే చిన్న మూత. చల్లటి ఇంజను స్టార్టు కావడానికి దాన్ని మూయాలి, వేడెక్కాక తెరవాలి. ఆ బండికి హ్యాండిల్ మీద లివర్ తిప్పితే కేబుల్ లాగి మూత పైకి లేచి తెరుచుకుంటుంది. లివర్ కింద ఒక వాషర్ ఉంటుంది. దాని పట్టు వల్లే లివర్ తిప్పినచోట ఆగుతుంది. పట్టు లేకపోతే స్ప్రింగు మూతను కిందికి తోస్తుంది, పెట్రోలు ఎక్కువై ప్లగ్ మసిబారి బండి నిలబడిపోతుంది.

మొదటిసారి స్క్రూ బిగించి పంపాను. మూడోరోజే డాక్టరు సారు తిరిగొచ్చారు. లివర్‌ను గొర్రెబొచ్చు తాడుతో హ్యాండిల్‌కు కట్టేసి ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఏంది సార్ ఇది? బండికి పలుపు కట్టినారే."

"ఏం జేయమంటావు ఖాదరూ? పదిమైళ్లకే మూసుకుంటాంది. గొర్రెలోళ్లను అడిగి కట్టుకుంటి. కట్టినాక ఒక్కసారి గూడా ఆగల్యా."

"మీరు దానికి నూనె గీనె పూస్తాండారా?"

"నేనెందుకు పూస్తానప్పా?"

నేను నమ్మలేదు. తాడు కోసి అవతల పారేశాను. నేను బాగుచేసిన బండి తాడుతో తిరిగితే ఊళ్లో నా పరువేం కావాలి? కేబుల్ మార్చాను, స్ప్రింగు మార్చాను, వాషర్ కూడా కొత్తది వేశాను. చివర్లో మా ఉస్తాద్ నేర్పిన అలవాటు ప్రకారం, కదిలే ప్రతి కీలుకూ నూనెడబ్బాతో ఒక్కో చుక్క వేసి అప్పగించాను. ఆ చుక్క పడనిదే మా చేతిలోంచి ఏ బండీ బయటికి పోయేది కాదు.

రెండు వారాలకు డాక్టరు సారు మళ్లీ దిగారు. వెనక సీటు మీద ఐసుడబ్బా ఒళ్లో పెట్టుకుని నాగన్న అనే రైతు. పులివెందుల వైపు అతని పల్లెలో గొడ్లకు ముసర అనే ప్రాణాంతక అంటురోగం తగిలింది. టీకామందు ఐసులోనే తీసుకుపోవాలి. కిందటిసారి నా షాపు నుంచి పోయిన బండి దారిలో నాలుగుసార్లు ఆగిందట. ప్లగ్ తుడుచుకుంటూ పోయేసరికి ఐసు కరిగి మందు చెడిపోయింది. మళ్లీ మందు రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

"లివర్ ఒక చేత్తో పట్టుకొని పోగూడదా సార్?" అన్నాను, సిగ్గులేకుండా.

"ఆ గుంతల్లో ఒంటిచేత్తో యాడికి పోదునప్పా?"

నాగన్న గొంతు పెంచలేదు. "నా జత ఎద్దుల్లో ఒకటి మొన్న పోయిందప్పా. ఇంగొకటి బాగానే ఉండాది. దానికన్నా ఈ పొద్దు మందు పడాల."

లివర్ విప్పాను. వాషర్ జిడ్డుగా ఉంది. "నూనె పూయలేదంటిరే సార్, ఇదేంది మరి?" అని విసుక్కున్నాను. పెట్రోలుతో తుడిచి, ఆరబెట్టి బిగించాను. లివర్ గట్టిగా నిలిచింది. అలవాటుగా నూనెడబ్బా అందుకున్నాను.

నాగన్న వంగి చూస్తున్నాడు. "ఏందప్పా, జారతాందని ఇప్పుడే గదా తుడిస్తివి. మళ్లా నూనె పోస్తాండావేంది?"

డబ్బా నా చేతిలోనే ఉండిపోయింది. షాపులో నిలిచిన లివర్ పదిమైళ్ల తర్వాత ఎందుకు జారుతుందో అప్పుడు తెలిసింది. నేను వేసిన చుక్క ఎండకు పలచబడి వాషర్‌లోకి దిగడానికి అంత దూరం పట్టేది. నూనె వేయకుండానే డబ్బా పక్కన పెట్టి, డాక్టరు సారుకు బండి అప్పగించాను. ఆయన నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

వారం తర్వాత ఆయన మళ్లీ ఇటు వచ్చారు. చోక్ పెట్టినచోటే నిలుస్తోంది. నాగన్న ఎద్దు సంగతి అడిగాను.

"బతికిందప్పా. దానికి జత కోసం సంతలు తిరుగుతాండాడు."

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బండ్లు బాగుచేశాను. నూనెడబ్బా పట్టుకున్న ప్రతిసారీ ఇది జారాల్సిందా, నిలవాల్సిందా అని ఆగి చూసుకునేవాణ్ణి. తిరిగొచ్చిన బండిని చూసి మనిషిని అనే ముందు నా చేతులు చూసుకోవడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. కానీ ఇప్పటికీ నన్ను వదలనిది ఆ గొర్రెబొచ్చు తాడు. నేను దాన్ని కోయకుండా ఉంటే నాగన్నకు రెండెద్దులూ ఉండేవి.