పాదం పట్టి లేపిందెవరు

సాయంత్రం ఐదూ పదికి మా వంటమనిషి యాదగిరి పొయ్యి వెలిగించి మొదటి విడత టీ పెట్టాడు. త్రిపురారం దాటాక కాలువ పక్కనున్న మామిడి తోటలో పరుగెత్తేవాళ్ల కోసం మా డేరాలు అప్పటికే లేచాయి. చలికాలం కాబట్టి తోటలో అప్పుడే మసక పడుతోంది. ఆ రోజు గురించి నాకు స్పష్టంగా గుర్తున్న మొదటి సంగతి ఆ టీ.

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆధారం చూపించలేనిది రాయొద్దని వాళ్లకు చెప్పేవాణ్ణి. నా భార్య విజయ పోయాక కూడా ఆమె ఫొటో ముందు నిలబడి మాట్లాడలేదు. కలలోకి రావాలని కోరుకున్న మాట నిజం. రాలేదు. అందుకే ఇక్కడ నేను చూసినదీ, ఇతరులు నాతో చెప్పినదీ మాత్రమే రాస్తున్నాను.

మా పరుగు రోడ్డు మీద జరిగేది కాదు. సూర్యాపేట అవతలి గుట్టల దగ్గర తెల్లవారుజామున మొదలవుతుంది. బండల మీద, పొలం గట్ల మీద, కాలువ కట్టల మీద పరుగెత్తుతూ, ఎత్తు ఎక్కాల్సిన చోట నడుస్తూ రాత్రికి మా తోటకు చేరతారు. అక్కడ తిని, కొన్ని గంటలు పడుకుని, వచ్చిన దారినే తిరిగి పోవాలి. మర్నాడు సాయంత్రం ఆరు దాటితే చేరినా చేరనట్టే. మొత్తం వంద కిలోమీటర్లకు పైమాటే.

పరుగెత్తేవాళ్లలో పేరున్నవాళ్లు ఎవరూ లేరు. సూర్యాపేట మార్కెట్లో ధాన్యం బస్తాలు మోసే హమాలీ, ఇద్దరు టీచర్లు, కోదాడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి, దామరచర్ల పవర్ ప్లాంటు క్యాంటీన్లో పనిచేసే అమ్మాయి, ఇట్లాంటివాళ్లు. పూర్తి చేస్తే భుజాన ఒక కండువా కప్పుతారు. అంతే. దాని కోసం ఏడాదంతా పని అయిపోయాక చీకట్లో పరుగెత్తి సిద్ధమయ్యే మనుషుల్ని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను పుస్తకాల్లో చాలామంది వీరుల గురించి చదివాను. బొబ్బలెక్కిన అరికాలికి ప్లాస్టర్ వేసుకుని, సాక్సు తొడుక్కుని, మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవాళ్లను మాత్రం ఈ తోటలోనే చూశాను.

విజయ దామరచర్ల సర్కారు బడిలో పీఈటీ. నలభై దాటాక ఈ పరుగులోకి దిగింది. ఆమె పరుగులో చూడటానికి ఏమీ ఉండేది కాదు. మోచేతులు దగ్గర పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ, కూరగాయలకు పోతున్న మనిషిలా ఉండేది. కానీ ఆగేది కాదు. ఆమెను దాటి ముందుకు ఉరికిన కుర్రాళ్లు చాలామంది తర్వాత చెట్ల కింద కూర్చుని కనిపించేవారు. వాళ్లను పలకరించి పోయేది తప్ప ఎగతాళి చేసేది కాదు.

నేను పరుగెత్తను. ఆమె వెంట వెళ్లి తోటలో కూర్చునేవాణ్ణి. కొన్నేళ్లకు ఊరికే కూర్చున్న నాకు ఒక పని అప్పజెప్పారు. నిద్రపోయినవాళ్లను వాళ్లు చెప్పిన వేళకు లేపడం.

ఫోన్లో అలారం ఉండగా మనిషెందుకని అడుగుతారు. డేరాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకరి అలారానికి పదిమంది లేస్తారు. ఎవరి అలారమో వాళ్లు మాత్రం దాన్ని నొక్కేసి పడుకుంటారు. అంత అలసట అది. అందుకని అలారం వద్దని విజయ ఒక పద్ధతి పెట్టింది. లేపాల్సినవాళ్లు ఒక పాదం డేరా బయటికి పెట్టి పడుకోవాలి. లేపే మనిషి వచ్చి ఆ పాదం పట్టుకుంటాడు.

"భుజం తడితే ఇంకో పది నిమిషాలని బతిమాలుతరు. కాలు పడితే ముందు కాలే లేస్తది. మనిషి దాని ఎంబడి వస్తడు" అనేది.

ఆమె పట్టే తీరు వేరు. మడమను అరచేతిలోకి తీసుకుని, బొటనవేలిని వెనక్కి వంచి, వదిలాక మడమ మీద రెండుసార్లు తట్టేది. బడిలో పిల్లలకు పిక్కలు పట్టేసినప్పుడు అలవాటైన పద్ధతి. నాకు వేళ్ల కీళ్ల నొప్పి. అంత గట్టిగా వంచలేను. మడమ మాత్రం వత్తేవాణ్ణి. "టమాటలు కొననీకె వచ్చినట్టు వత్తుతవేంది, జర గట్టిగ పట్టు" అని నవ్వేది.

ఒకసారి పాలు పోసే ఆయన సైకిల్ మీద పోతూ ఆ పాదాల వరుస చూసి ఆగిపోయాడు. "ఏంది సార్, గిన్ని కాళ్లు బయటేసి పండబెట్టిండ్రు? లెక్కవెట్టుకోనీకా?" అన్నాడు. విజయ వారం రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వింది.

ఆమె ఆ రోజుకు ముందటి వానాకాలంలో చనిపోయింది. కాలేయానికి జబ్బు చేసింది. దవాఖానలో ఎక్కువ కాలం లేదు. చలికాలానికి పరుగు వచ్చింది. రానని చెప్పాను. అప్పుడు సునీత ఇంటికి వచ్చింది.

సునీత అంటే పైన చెప్పిన క్యాంటీన్ అమ్మాయి. బడిలో విజయ దగ్గర చదువుకుంది. పరుగు నేర్పింది కూడా విజయే. అంతకు ముందు రెండుసార్లు ఈ పరుగుకు దిగి రెండుసార్లూ తోటలోనే ఆగిపోయింది. పడుకున్నాక లేవలేకపోయింది. రెండోసారి విజయ కూడా పరుగులో ఉంది, ముందుగా వెళ్లిపోయింది. లేపాల్సింది నేను. నేను మడమ వత్తితే కళ్లు తెరిచి, "లేస్తున్న సార్" అని మళ్లీ నిద్రలోకి పోయింది. తెల్లారాక చాలాసేపు ఏడ్చింది. వచ్చే ఏడు నేనే నిన్ను లేపి వెంట తీసుకుపోతానని విజయ ఆమెకు మాట ఇచ్చింది.

"ఈసారి గాకుంటే ఇగ నాతోని గాదు సార్. మేడం లేదని నేను మానుకుంటే మేడం ఊకుంటదా? మీరు రాండ్రి" అంది.

వెళ్లాను.

ఆ రాత్రి సునీత తొమ్మిదిన్నర ప్రాంతంలో తోటకు చేరింది. గంజి తాగి, కాళ్లు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "మూడున్నరకు లేపుండ్రి సార్. ఏడ్చినా ఇనొద్దు. తిట్టినా ఇనొద్దు" అంది. మూడున్నరకు బయలుదేరితేనే ఎండ ముదరక ముందు సగం దారైనా దాటగలదు. ఎండ పడితే ఆమె నిలవలేదని ఇద్దరికీ తెలుసు.

మరో నలుగురు కూడా తమ వేళలు చెప్పి పడుకున్నారు. కోదాడ బ్యాంకు ఉద్యోగి పద్మాకర్‌ది నాలుగు గంటలు. ఆయనకు ఈ పరుగు మొదటిసారి. విజయను చూసి ఎరగడు. పాదం బయట పెట్టాలంటే కాస్త సిగ్గుపడ్డాడు. "కుక్కలేమైనా వస్తాయా మాస్టారూ?" అని అడిగి మరీ పెట్టాడు. ఎవరి వేళ ఏదో నాకొక్కడికే తెలుసు. నేనెప్పుడూ రాసుకోను. ఐదు వేళలు మనసులో పెట్టుకోవడం పెద్ద పని కాదు.

డేరాలకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. విజయ పోయినప్పటి నుంచి నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. అందువల్ల మేలుకోవడం గురించి నాకు బెంగ లేదు. రెండు దాటాక ఒకసారి గడియారం చూసుకున్నాను. ఆ తర్వాత కళ్లు తెరిచేసరికి తోటలో ఎండ పొడ ఉంది. పిట్టలు అరుస్తున్నాయి. నా మీద దుప్పటి ఉంది.

ఎదురుగా ఒక్క పాదం కూడా లేదు.

యాదగిరి దగ్గరికి పరుగున వెళ్లాను. యాదగిరి త్రిపురారంలో హోటల్ నడుపుతాడు. ఏటా మా వంట అతనిదే. సునీత ఏదని అడిగాను.

"ఎప్పుడో పోయింది గద సార్. ఇంక చీకటుండె. గంజి తాగి, నడుముకు ఎర్ర చున్నీ కట్టుకొని పోయింది."

"ఎవరు లేపారు?"

అతను నా ముఖం చూశాడు. "మీరు కుర్చీల్నే ఉన్నరు. తలకాయ పక్కకు వాలింది. సలిపెడ్తదని నేనే దుప్పటి కప్పిన. ఆ పిల్ల అప్పటికి లేవలే. తర్వాత ఒక్కొక్కలు లేసి వచ్చిండ్రు, టీ తాగిండ్రు, పోయిండ్రు. మీరే లేసి లేపి మళ్ల కూసున్నరనుకున్న. కానీ దుప్పటి కదిలినట్టు లేకుండె."

యాదగిరి తప్ప రాత్రంతా మేలుకున్నవాళ్లు తోటలో ఎవరూ లేరు. నాకు దుప్పటి కప్పడానికి తప్ప అతను పొయ్యి వదిలి రాలేదు. వచ్చినా అతనికి వేళలు తెలియవు.

డేరాలు దింపే పని యాదగిరి వాళ్లకు వదిలేసి బస్సు పట్టుకుని సూర్యాపేట వెళ్లాను. పరుగు ముగిసే చోట మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను. ముందు పద్మాకర్ వచ్చాడు. కండువా కప్పించుకుని నా చేతులు పట్టుకున్నాడు.

"సరిగ్గా నాలుక్కే లేపారు మాస్టారూ. మీ చెయ్యి ఇంత గట్టిదనుకోలేదు. బొటనవేలు అట్లా వెనక్కి వంచేసరికి ప్రాణం లేచొచ్చిందండీ. మళ్లీ మడమ మీద ఆ రెండు దెబ్బలేంటి, తాళమా?" అని నవ్వాడు.

అక్కడే ఉన్న బండ మీద కూర్చున్నాను. తర్వాత వచ్చిన ముగ్గురినీ ఏమీ సూచించకుండా ఒక్కటే అడిగాను, ఎట్లా లేచారని. ఇద్దరు బొటనవేలి సంగతి చెప్పారు. ఒకరికి పాదం పట్టుకున్నారని తప్ప ఇంకేమీ గుర్తు లేదు. ముగ్గురూ చెప్పిన వేళకే లేచారు. ఎవరూ మనిషిని చూడలేదు. డేరాలో పడుకున్నవాళ్లకు బయట పాదం పట్టుకున్నదెవరో కనిపించదు.

సునీత ఇంకా రాలేదు. ఐదు దాటింది. వాళ్లూ వీళ్లూ కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు. ఐదున్నర దాటాక గుట్ట దిగే మట్టిబాటలో ఒక మనిషి కనిపించింది. మోచేతులు దగ్గర పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ వస్తోంది. బండ మీద నుంచి లేచి నిలబడ్డాను. తర్వాత ఎర్ర చున్నీ కనిపించింది. సునీతే. ఆమె విజయ దగ్గర నేర్చుకుంది, అట్లాగే పరుగెత్తుతుంది. అందులో వింత లేదు.

గడువుకు ఇంకా కొన్ని నిమిషాలు ఉండగా చేరింది. కండువా కప్పారు. కింద కూర్చుని బూట్లు విప్పుకుంది. ఒక పాదానికి గోరు ఊడింది. ఆమె నీళ్లు తాగాక నేనే ఆ మాట ఎత్తాను.

"సునీతా, నిన్ను పొద్దున లేపింది నేను కాదు."

"ఎరికే సార్."

గోరు ఊడిన పాదం మీద నీళ్లు పోసుకుంది. "మీ చెయ్యి నాకెరికే గద. పోయినేడు లేపిండ్రు. వేలు వంచంగనే నాకు తెలిసింది. ఏడుపొచ్చింది. పరదా తీసి సూద్దామనుకున్న. చూస్తుంటే లేటైతది, మేడం తిడ్తది అని బూట్లు కట్టుకున్న" అంది.

ప్లాస్టర్ తెచ్చి ఆమె చేతికిచ్చాను.

నాకు తోచిన కారణాలన్నీ విచారించాను. నేనే నిద్రలో లేచి లేపానేమో. అలాంటి అలవాటు నాకు లేదు. నా వేళ్లకు ఆ బలమూ లేదు. ముందు లేచినవాళ్లు తర్వాతివాళ్లను లేపారేమో. అడిగాను, లేదన్నారు. ఒకరి వేళ ఒకరికి తెలియదు. అలవాటు కొద్దీ ఎవరికి వాళ్లే లేచారేమో. ఒకరిద్దరి విషయంలో ఒప్పుకోవచ్చు. కానీ విజయను ఎన్నడూ చూడని పద్మాకర్ ఆమె పద్ధతిని నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. చరిత్ర పాఠంలో అయితే ఇక్కడ ఆగి, తెలియదని రాసేవాణ్ణి. ఇక్కడా అదే రాస్తున్నాను.

మరుసటి ఏడు మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నిద్రపోలేదు. అందరినీ నేనే లేపాను. ఏమీ జరగలేదు. ఆ తర్వాతి ఏడు కూడా కూర్చున్నాను. ఒకావిడ పాదం పట్టుకోవాల్సిన వేళ వచ్చింది. ఇంకొంచెం ఆగుదామనిపించింది. నేను లేపకపోతే ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పావుగంట ఆలస్యంగా బయలుదేరింది. గడువులోపే చేరింది కాబట్టి ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

కానీ అది లేపేవాడు చేయాల్సిన పని కాదు. విజయ అయితే ఒప్పుకునేది కాదు. ఇక లేపే పనికి రానని ఆ వారమే నిర్వాహకులకు చెప్పేశాను. పరుగు జరుగుతూనే ఉంది. పోయిన ఏడు సునీత మూడోసారి పూర్తి చేసింది. అందరూ చేతికి కట్టుకునే గడియారాలు తెచ్చుకుంటున్నారు. అవి చప్పుడు చేయకుండా మణికట్టు దగ్గర అదిరి లేపుతాయట.

మా తోటలో ఇప్పుడు ఎవరూ పాదం బయట పెట్టి పడుకోవడం లేదు.