దారం పట్టి కట్టిన గట్టు

మొన్న పెనుకొండ దగ్గర ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. నన్ను పరిచయం చేసిన లెక్చరరమ్మ ‘పర్యావరణ విద్యలో మార్గదర్శి’ అనేసరికి, పక్క కుర్చీలో ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఖాళీగా ఉంది. సభ అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, “డిగ్రీ అయినాక ఈ పనిలో మీరు ఫస్టు చేసిందేమి సార్?” అని అడిగింది. “తప్పు” అన్నాను. సరదాకి అన్నాననుకుని నవ్వి వెళ్ళిపోయింది పాపం.

మాది ధర్మవరం. ఇంట్లో మగ్గాలు, బజారులో చిన్న పట్టుచీరల అంగడి. డెబ్బైల చివర్లో బీయస్సీ పూర్తిచేసి, అంగడిలో కూర్చోకుండా, నల్లమాడ వైపు పల్లెల్లో పనిచేసే ఒక సంస్థలో చేరాను. అక్కడ ఒక ఊళ్ళో ఉండి మట్టి గురించి, నీళ్ళ గురించి, చెట్ల గురించి జనానికి చెప్పడం నా ఉద్యోగం. “రైతులకు మట్టి సంగతి చెప్పేదానికి నువ్వు పోతాండావా?” అని నాయన ఒకటికి రెండుసార్లు అడిగాడు. నేను మొండికేస్తే చివరికి గడువు పెట్టాడు. “ఈ వానలు పడేదాకా చూస్తా. ఆ ఊరోళ్ళు నువ్వు కావాలంటే ఉండు. లేదంటే వచ్చి అంగట్లో కూర్చో.”

ఊరివాళ్ళు నన్ను కావాలనుకునే సూచనలేవీ కనిపించలేదు. రంగురంగుల పటాలు గోడకు తగిలించి పర్యావరణ సమతుల్యం గురించి నేను గంటసేపు చెబితే, మర్యాదస్తులు గనక కూర్చునే నిద్రపోయేవాళ్ళు. వాళ్ళలో పెద్దక్క ఒకామె. ఊరంతా ఆమెను అలాగే పిలిచేది. యాభై ఏళ్ళుంటాయి. మేకలు కాసింది, సేద్యం చేసింది, మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. నేను మాట్లాడుతున్నంతసేపూ కొంగుతో విసురుకుంటూ నన్ను కాక నా వెనక కొండను చూస్తుండేది. నాకు చిరాకేసేది.

మాటలతో కాదని, కొండ వాలున రాతిగట్టు వేద్దామన్నాను. వాన నీళ్ళు పరుగెత్తకుండా ఆగితే కింది చేలలో వేరుశనగ బతుకుతుంది. దీనికి మాత్రం జనం కదిలారు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన నీళ్ళ గొట్టంతో మట్టం చూసుకుని గట్టుకు గీత గీయాల్సింది నేను. ఇక్కడే నాలోని నేతగాడు నిద్రలేచాడు. మా వీధిలో మగ్గానికి పడుగు దారాలు సాగదీసేటప్పుడు నాయన రెండు కొనలే చూసుకునేవాడు. కొనలు సరిగ్గా ఉండి దారం బిగువుగా ఉంటే మధ్యలో దిగుల్లేదు. నేనూ గట్టుకు రెండు కొనల దగ్గర మట్టం చూశాను, సమానంగా ఉంది. మధ్యలో దారం బిగించి, సున్నంతో తిన్నగా గీత గీశాను. ఎంత అందమైన గీతో! ఎండాకాలమంతా, పొద్దు ఎక్కకముందే వచ్చి, జనం చేతులు కాయలుగాచేలా రాళ్ళు మోసి ఆ గీత మీద గట్టు కట్టారు.

తొలి మబ్బులు కనిపించిన రోజు పెద్దక్క కడవతో నీళ్ళు తెచ్చి గట్టు పైవైపున కుమ్మరించింది. గట్టిబడ్డ ఎర్రనేల మీద నీళ్ళు క్షణం ఆగి, గట్టు వెంబడే జారి, నడిమధ్య ఒకచోట మడుగు కట్టాయి. అక్కడ నేల పల్లంగా ఉంది. కొండ మీది నీళ్ళన్నీ అక్కడికే చేరితే గట్టు తెగుతుంది. కింద ఆమె చేనే కాదు, మరో ఏడెనిమిది మందివి కొట్టుకుపోతాయి.

“ముందే చెప్పకపోతివే అక్కా” అన్నాను.

“నువ్వు అడిగితివా?” అంది.

ఆ పూటే అందరినీ పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకున్నాను. ఎవరో “చీర నేసినట్టు నేసినాడప్పా గట్టును!” అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. నాకంత హాయైన అవమానం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

పెద్దక్క ముందు నడిచింది. వాలు మీద మేకలు ఎక్కకుండా దిగకుండా అడ్డంగా నడిచే దారి ఆమెకు తెలుసు. ఆ వంకర దారినే పట్టుకుని, నేను అడుగడుక్కీ గొట్టం పెట్టి మట్టం చూస్తూ వెనక వెళ్ళాను. చాలాచోట్ల ఆమె కాలే కరెక్టు. రాళ్ళు పీకి, పది రోజుల్లో గట్టు మళ్ళీ కట్టారు. మృగశిరలో వాన దంచికొట్టింది. గట్టు పొడవునా నీళ్ళు నిలబడ్డాయి, ఎక్కడా తెగలేదు. తడుస్తూనే గట్టు ఈ కొన నుంచి ఆ కొనదాకా రెండుసార్లు నడిచి చూసుకున్నాను.

తర్వాతి ఏళ్ళలో ఊరి సంఘానికి పెద్దక్కే పెద్దయింది. ఏ ఊళ్ళో పాఠం చెప్పాల్సి వచ్చినా ఆమె ముందు మాట్లాడేది, పటాలు పట్టుకుని నేను వెనక నిలబడేవాణ్ణి. ఎవరూ నిద్రపోలేదు.

అయితే అదంతా నాయన ఒప్పుకున్నాక. వానలు పడిన వారానికే ఆయన బస్సు దిగి, నా ఉత్తరాల్లో చదివిన పెద్దక్క ఇల్లు కనుక్కుని తిన్నగా ఆమె దగ్గరికే వెళ్ళి, “ఏమక్కా, మావాడు మీకు పనికొస్తాడా?” అని అడిగాడు.

“ఇప్పుడిప్పుడే దారికొస్తాండాడు. నేర్చుకునేది ఇంకా శానా ఉండాది. ఈడే ఉండనీ అన్నా” అంది.

నాయన నవ్వుతూ ఒంటరిగా బస్సెక్కాడు. దారికి రావడానికి నాకు ఒక్క ఎండాకాలం పట్టింది. ఆమె ‘శానా’ అన్నదానికి మాత్రం, ఇప్పటిదాకా బతికిన ఇన్నేళ్ళూ చాలలేదు.