ఆకు ముట్టని చిమ్మెట

చిన్న చిమ్మెటకు సైతం రెక్కలిచ్చిన దేవునికి స్తోత్రం.

మొన్న కుప్పంలో పట్టుపురుగుల షెడ్డు దగ్గర మల్బరీ ఆకు వాసనకు మా అవ్వ గుర్తొచ్చింది. పుంగనూరులో, నా ఏడో ఏట, నేను దాచుకున్న పట్టుగూడు తొలుచుకుని తెల్లని చిమ్మెట బయటికొచ్చింది. ఆకు పెట్టినా, చక్కెర నీళ్లు పెట్టినా ముట్టలేదు.

"అవ్వా, ఇది యాల తినదు?"

"ఉపవాసం ఉండాదిలే పాపా, నా మాదిరి. నువ్వు తిను," అని అవ్వ నవ్వి, తన సంగటిముద్ద నా పళ్లెంలో వేసింది. అవ్వ భక్తికి గర్వపడుతూ ఆ ముద్ద కూడా తినేశాను.

కొన్నాళ్లకే చిమ్మెట చచ్చిపోయింది. ఆ నెలలోనే అవ్వను మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లారు. గొంతులో పుండు వల్ల ముద్ద దిగడం లేదని అక్కడే తెలిసింది. అవ్వ తిరిగి రాలేదు.

ఆ చిమ్మెటకు తినగలిగే నోరే ఉండదని పెద్దయ్యాక చదివాను.

పళ్లెం పక్కకు జరిపేవాళ్లను "ఏమైంది?" అని అడిగే మనసు మనకిమ్మని నాతో కలిసి ప్రార్థించండి.