పెట్టెలోకి వచ్చిన పదకొండో పాఠం

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. మా ఇంట్లో ఎవరన్నా ఆ గోల మొదలుపెడితే లేచి బయటికి పోయేవాణ్ని. ఇప్పటికీ అంతే. అయినా ఈ సంగతి చెప్పాలి. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది.

డెబ్భైలు అయిపోవస్తున్న రోజులు. నందిగామలో ఓ కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటుగా ఉండేవాణ్ని. ఉద్యోగాలు చేసుకుంటూ ప్రైవేటుగా బి.ఏ. కట్టేవాళ్ల కోసం యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు పాఠాలు మా దగ్గరికి పంపేవాళ్లు. సైక్లోస్టైలు మెషీను మీద తీసిన కాయితాలు. పాఠానికి ఒక్కటంటే ఒక్క ప్రతి. చదివేవాళ్లు చూస్తే ఇరవై మంది పైనే. వాళ్లకి ఆదివారమే కుదిరేది కాబట్టి నా ఆదివారం కూడా ఆ లైబ్రరీకే పోయేది. విసుక్కునేవాణ్ని, కాదనను.

ఒక్క ప్రతి ఎంతమందికని? అందుకని మేమే ఓ పద్ధతి పెట్టుకున్నాం. పాఠం పట్టుకెళ్లినవాళ్లు కార్బన్ పేపరు పెట్టి బాల్ పెన్నుతో రెండు ప్రతులు రాయాలి. ఒకటి తమకి, ఒకటి పెట్టెకి. పెట్టె అంటే రేకు ట్రంకు పెట్టె. దాని తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకి ఉండేది. నవ్వితే నవ్వండి, స్నానానికి కూడా తీసేవాణ్ని కాదు.

అందరూ పైప్రతి తాము ఉంచుకుని, అలుక్కుపోయిన కార్బన్ ప్రతి పెట్టెకి ఇచ్చేవాళ్లు. ఒక్క వీరభద్రం మాస్టారు మాత్రం పైప్రతి పెట్టెకిచ్చి కార్బన్ ప్రతి తనింటికి తీసుకెళ్లేవారు. జగ్గయ్యపేటలో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. యాభై దాటాక డిగ్రీ చదవాలని పట్టుబట్టిన మనిషి. ఆయన నాన్న దస్తావేజులు రాసేవాడట. ఆ అలవాటు ఈయనకీ వచ్చింది. ప్రతి పేజీ అడుగున, కుడి చేతి వైపు, తర్వాతి పేజీలో మొదటి మాట రాసేవారు. కాయితాలు తారుమారైనా సర్దుకోవచ్చని. ఇరవై మందిలో ఆ పని చేసింది ఆయనొక్కరే.

ఆఖరి ఏడు ఆయన రావడం మానేశారు. ఒంట్లో బాగాలేదన్నారు. మాఘమాసంలో పోయారు. జగ్గయ్యపేట వెళ్లి చూసొచ్చా.

ఉగాది వెళ్లాక ఓ సోమవారం యూనివర్సిటీ నుంచి రిజిస్టర్డ్ పోస్టులో పార్శిలొచ్చింది. రాజనీతిశాస్త్రంలో పదకొండో పాఠం, రాజ్యాంగ సవరణల మీద, మొత్తం తిరగరాశారట. పాతది వెనక్కి పంపమన్నారు. కొత్తదాని మీద తేదీ స్టాంపు కొట్టా. పాత పాఠాన్ని, దాని చేతిరాత ప్రతులన్నిటినీ పెట్టెలోంచి తీసి మంగళవారం కట్ట కట్టి పోస్టు చేసా. బల్ల మీద కొత్తది కూడా పక్కనే ఉంది. అది కూడా ఆ కట్టలోకే పోయింది. చూసుకోలేదు. తెలిసేసరికి శుక్రవారం.

మిగతావాళ్ల సంగతి అలా ఉంచండి. రూతమ్మగారని ఓ టీచరు ఉండేది. గరికపాడు దగ్గర పల్లెటూరు. ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి పన్నెండు దాటాక చేరేది. అన్ని పేపర్లూ పాసయింది, ఇదొక్కటే మిగిలింది. పాత సిలబస్‌కి అదే ఆఖరి పరీక్ష. పోతే మళ్లీ మొదటి సంవత్సరం నుంచీ కట్టుకోవాలి. ఇంట్లో అందుకు ఒప్పుకోరని ఆవిడే చెప్పింది. ఈసారి గట్టెక్కితే హైస్కూలుకి ప్రమోషన్ వస్తుంది.

పదకొండో పాఠం ఏదని అడిగింది. ఎవరో పట్టుకెళ్లారు, వచ్చే వారం ఇస్తానని అబద్ధం ఆడేశా. యూనివర్సిటీకి ఉత్తరం రాశా. వచ్చిన కట్టలు పరీక్షలయ్యేదాకా విప్పం, వేరే ప్రతి లేదు అని జవాబొచ్చింది. రెండో ఆదివారం మళ్లీ అదే అబద్ధం. ఆవిడ సరేనండి అని వెళ్లిపోయింది.  నిజం చెప్పాలంటే నాకు సిగ్గు కన్నా భయం ఎక్కువ. ఆవిడ కంప్లైంటు రాస్తే నా ఉద్యోగానికే ఎసరు.

మూడో ఆదివారం చెప్పేద్దామని కూర్చున్నా. పరీక్ష ఇంకో పది రోజుల్లో ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట, ఎండ మండిపోతోంది. పెట్టెలో ఆ పాఠం లేదని చూపించి, అప్పుడు ఒప్పుకుందామని నా ఆలోచన. ఆవిడ ఎదురుగా తాళం తీసి మూత ఎత్తా.

పైనే ఉంది. పద్నాలుగు కాయితాలు, మూలన దారంతో కుట్టి.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ తీసుకుంది. "మాస్టారి రాతే సార్. ఇంకేం, హాయిగా అర్థమవుద్ది," అంది. అక్కడే కూర్చుని సాయంత్రం బస్సు టైముకి రాసేసుకుంది. పద్ధతి ప్రకారం ఒక ప్రతి పెట్టెకి కూడా ఇచ్చింది. తీసుకుని పెట్టెలో పెట్టేశా. 

ఆవిడ వెళ్లాక కాయితాలు తిప్పి చూసా. ప్రతి పేజీ అడుగునా కుడి వైపు తర్వాతి పేజీ మొదటి మాట. కాయితం వెనక తడిమితే బాల్ పెన్ను నొక్కులు. అంటే కింద కార్బన్ పెట్టి రాసిందే.

నాకు తోచినవన్నీ ఆరా తీశా. సోమవారం వచ్చిన పాఠం మంగళవారం పోస్టయింది. ఆ రెండు రోజుల్లో పాఠాల కోసం ఎవరూ రాలేదు, రిజిస్టర్లో సంతకం లేదు. మిగతా అందర్నీ ఒక్కొక్కరినే అడిగా. మేం రాయలేదన్నారు. కిందటి ఆదివారం సాయంత్రం పెట్టెకి తాళం వేసేటప్పుడు అది లేదు, అది మాత్రం ఒట్టేసి చెప్పగలను.

పాత పాఠానికి ప్రతేమో అనుకున్నా. పరీక్షలయ్యాక యూనివర్సిటీ వాళ్లు కొత్త పాఠం వెనక్కి పంపారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివా. పొల్లు పోకుండా కొత్తదే.

రూతమ్మగారు పాసయింది. ఫలితాలు వచ్చిన వారం స్వీట్లు పట్టుకొచ్చి, మీరు ఆ పాఠం జాగ్రత్తగా దాచి ఇచ్చారు కాబట్టి గట్టెక్కాను అంది. తలూపి స్వీటు తిన్నా. 

ఇక ఒక్క దారి మిగిలింది. మాస్టారికి యూనివర్సిటీలో తెలిసినవాళ్లెవరో ఉండి, అచ్చు కాకముందే ఆ పాఠం ఆయనకి పంపి ఉండాలి. పోయేముందు ఆయన రాసి ఉండాలి. పెట్టెలోకి ఎలా వచ్చిందో తర్వాత చూద్దాం, ముందు ఇది తేలితే చాలనుకున్నా. ఆయన రాసుంటే కార్బన్ ప్రతి ఇంట్లో ఉంటుంది కదా అని కాయితాలు పట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కా.

మాస్టారి భార్య ఆయన కట్ట తెచ్చి ముందు పెట్టింది. పాత పాఠాల కార్బన్లన్నీ వరసగా ఉన్నాయి. ఈ పాఠం లేదు. అప్పుడు ఉన్నదంతా ఆవిడకి చెప్పేశా, పాఠం పోగొట్టిన సంగతితో సహా. యూనివర్సిటీకి రాసిన ఉత్తరంలో తప్ప అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఆశ్చర్యపోలేదు, భయపడలేదు. కాయితాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కో పేజీ నిదానంగా చూసింది.

"ఆయన రాతే బాబూ," అంది. "కానీ ఆఖరి ఏడంతా ఆయన చెయ్యి వణికేది. కలం పట్టుకోలేక ఏడ్చేవారు. అన్నం కూడా నేనే కలిపి పెట్టేదాన్ని. ఇదిగో, ఇందులో చూడు, ఎక్కడా వణకలేదు."

ఇవి నా దగ్గర ఉంచుకోనా అని అడిగింది. పెట్టెలో కాయితం ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకూడదు. అది నేను పెట్టిన రూలే. ఇచ్చేశా.

ఆ పాఠం ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు. పోగొట్టింది మాత్రం నేను. ఆ సంగతి రూతమ్మగారికి ఇంకా చెప్పలేదు.