కటవారియా సరాయ్‌కి మా కుక్కను పంపిన సంగతి

మావారికి ఆయాసం మొదలైన రెండో చలికాలంలో డాక్టరు తేల్చి చెప్పేశాడు, కుక్క వెంట్రుకలు ఆయనకు పడవని. మా గోధుమరంగు కుక్క అప్పటికి నాలుగేళ్లుగా సరోజినీ నగర్ క్వార్టర్లో మాతోనే ఉంటోంది. జాతికుక్కేం కాదు, మార్కెట్ వెనక సందులో దొరికిన పిల్ల. మందులు మార్చి చూశాం. దాన్ని వరండాలో పడుకోబెట్టి చూశాం. ఆయన మంచం మీద కూర్చుని ఊపిరి కోసం తన్నుకులాడుతుంటే నాకింక వేరే దారి కనిపించలేదు.

ఆఫీసులో ఒకాయన తన బంధువులకు గుర్‌గావ్ అవతల ఫామ్‌హౌస్ ఉందన్నాడు. "బోలెడు జాగా మేడమ్, హాయిగా పరిగెడుతుంది." నేనింకేం అడగలేదు. అడిగితే పంపలేనేమోనని భయం. ఆదివారం జీపు వస్తే ఎక్కించేశాం. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పది రోజులాగి, చెప్పకుండా ముగ్గురం వెళ్లాం. గేటు పక్కన పొట్టి ఇనుప గొలుసుతో కట్టేసి ఉంది. నీళ్ల గిన్నె ఎండిపోయింది. మెడ చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. మమ్మల్ని చూసి మొరగలేదు, తోక మాత్రం నేలకేసి కొట్టింది.

"కాపలా కుక్కను కట్టెయ్యక ఏం చేస్తాం భాభీజీ?" అన్నాడు అక్కడి మనిషి. అతన్నేమనగలను? కుక్క దేనికి కావాలో నేనే అడగలేదు.

"మమ్మీ, ఇసే ఘర్ లే చలో" అంది అమ్మాయి, ఇంటికి తీసుకుపోదామని. మావారు వంగి గొలుసు విప్పారు.

ఈసారి తొందరపడలేదు. కుక్క మళ్లీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన లోపలి గదిలో తలుపేసుకుని పడుకునేవారు. కుక్క కావాలన్నవాళ్లందరినీ నేను గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఒకరికి బాబు పుట్టినరోజు కానుకకట. ఇంకొకరు పొద్దున్న తాళం వేసుకుని పోతే మళ్లీ రాత్రికి గానీ రారట. వద్దన్నాను. చివరికి కుక్కకు టీకాలు వేసే డాక్టరు కటవారియా సరాయ్‌లో ఒక పెద్దావిడ గురించి చెప్పాడు. పరీక్షలకు చదువుకునేవాళ్లకు గదులు అద్దెకిస్తుంది. ముసలి కుక్క పోయి ఏడాదైందట.

వాళ్లింటికి వెళితే, నేను అడిగేలోగా ఆవిడే హిందీలో మొదలుపెట్టింది. "టీకాలన్నీ అయ్యాయా? టపాకాయలకు భయపడుతుందా? ఎవర్నైనా కరిచిందా? నిజం చెప్పు బేటీ, దాస్తే దానికే నష్టం."

"పేపరు వేసే అతని ప్యాంటు ఒకసారి పట్టుకుంది ఆంటీ."

"ఠీక్ హై. గేటు దగ్గర నేను చూసుకుంటాను."

వరసగా మూడు ఆదివారాలు దాన్ని అక్కడికి తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉంచి తెచ్చాం. దానికి తెలుగు మాటలే తెలుసు. నేను తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చే మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని "రా", "కూర్చో", "వద్దు", "అన్నం" అని ఒక్కో మాటా పలికించింది. "కూర్చో" అనడానికి ఆవిడకు ఎంతకీ నోరు తిరగలేదు, ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

టీకాల పుస్తకం చేతికిస్తూ ఒకటే అడిగాను. "ఎప్పుడైనా కుదరకపోతే ఇంకెవరికీ ఇవ్వకండి, మాకే ఫోన్ చెయ్యండి."

"అలాగే. కానీ నువ్వూ నెల రోజులు రావద్దు. దాన్ని నాకు అలవాటు కానియ్యి" అంది ఆవిడ.

నెల తర్వాత వెళితే కుక్క అమ్మాయి మీదకు దూకి ముఖమంతా నాకేసింది. మావారి కాళ్ల చుట్టూ తిరిగింది. అంతలో వంటింట్లోంచి ఆవిడ పిలిచింది. వెంటనే మమ్మల్ని వదిలేసి లోపలికి పరిగెత్తింది. మంచిదే కదా అనుకున్నాను, అయినా చురుక్కుమంది.

మేం లేచినప్పుడు గేటు దాకా వచ్చి ఆవిడ పక్కనే ఆగిపోయింది. అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. "ఖుష్ హై నా, మమ్మీ?" అని అడిగింది, అది సంతోషంగానే ఉంది కదా అని.

అవునన్నాను. బస్సెక్కాక కళ్లు తుడుచుకున్నది నేనే.