బావ చెవులు

నాగాయలంకలో మా పక్క రొయ్యల చెరువు రైతును బావా అనేవాణ్ణి. ఖరీదైన ఇయర్‌ఫోన్లు కొన్నాక, ఎవరు పలకరించినా వేలెత్తి ఆగమనడం ఆయనకు అలవాటైంది.

"చెవిలో ఉన్నట్టే ఉండవురా. పాడేవాళ్ల ఊపిరి కూడా వినబడుద్ది. బయట గోల మాత్రం అసలుండదు" అని మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం తెప్ప మీంచి మేత చల్లుతూ ఆయన భార్య చెరువులో పడిపోయింది. "ఏవయ్యోయ్!" అని గొంతు చించుకుంది. గట్టు మీదే అటు తిరిగి కూర్చున్న బావ తల ఊపుతున్నాడు. నేను పరిగెత్తుకొచ్చి, దూకి, ఆమెను ఒడ్డుకు లాగాను. అప్పటికే నీళ్లు మింగేసింది.

భుజం పట్టి కుదిపితే బావ వేలెత్తాడు. ఒళ్లు మండి చెంప పగలగొట్టాను. ఒక ఇయర్‌ఫోన్ ఊడి బురదలో పడింది. ముందు దాన్నే తీసి తుడుచుకున్నాడు.

"చూసుకోవద్దంట్రా? సౌండ్ పోతే ఎట్టా?" అన్నాడు.

ఆమె బతికింది. ఆయన ఇప్పటికీ గట్టు మీంచి నన్ను పిలుస్తుంటాడు. నాకు వినిపిస్తుంది. పలకను.