నల్ల నెత్తురు సినిమా, మట్టిరాజు చావు

మొన్న మనవరాలు నన్ను తిరుపతిలో ఒక పెద్ద సినిమాహాలుకు తీసుకుపోయింది. పాతకాలపు రాజుల కథట, కథకన్నా కత్తులే ఎక్కువ. తెరమీద ఒక తల తెగి, గాలిలో నిదానంగా మూడు చుట్లు తిరిగి నేలమీద పడేసరికి హాలంతా ఈలలు వేస్తుంటే, నేనొక్కడినే నా తల ఉందో లేదోనని తడుముకున్నాను. ఉంది. అందులో ఏమీ లేదని మా అయ్యవారు ఐదో తరగతిలోనే తేల్చి ఇంటికి పంపేశాడు కాబట్టి, పోయినా పెద్ద నష్టం ఉండేది కాదు.

నా ఈడువాళ్లకు డేరా సినిమా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నేలటిక్కెట్టు కొని, ముందున్నవాడి తలకాయ అడ్డం రాకుండా ఇసుకను కుప్ప చేసుకొని దానిమీద కూర్చున్నవాళ్లమే కదా మనమంతా. స్వరాజ్యం ఇంకా రెండేళ్లకు వస్తుందనగా, ఏర్పేడు పక్కనున్న మా ఊరికి అలాంటి డేరా ఒకటి వచ్చింది. చదువు లేకపోయినా గొంతు ఉంది కాబట్టి, బొమ్మల తడికెలు కట్టిన ఎద్దుబండిమీద నిలబడి, రేకుబూరలో సినిమా గొప్పలు అరిచే ఉద్యోగం నాకు దొరికింది. అబద్ధం చెప్పినందుకు బడిలో దెబ్బలు తిన్న నాకు, అదే పనికి జీతం ఇస్తామంటే ఎంత గర్వంగా ఉంటుందో ఆలోచించండి.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ డేరా సరిగ్గా మా అమ్మవారి తిరునాళ్లలో దిగింది. పద్దెనిమిది రోజుల తిరునాళ్ల అది, రోజూ వీధినాటకం ఉండేది. చివరిరోజు పొద్దున ఊరిబయట దిన్నెమీద మట్టితో బారెడు మీసాల రాజును వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. ఆ రాజు వేషం కట్టినవాడు కిరీటంతో ఆ మట్టి రొమ్ముమీద ఎక్కి గంతులువేసి, గదాయుద్ధం చేసి, తొడ విరిగి కూలిపోవాలి. నిండుసభలో ఆడదాన్ని అవమానించినవాడు కాబట్టి, ఆ తరువాత ఊరి ఆడవాళ్లంతా వచ్చి మట్టిరాజును చీపురుతో తలా ఒక దెబ్బ కొట్టాలి. ఆ వేషం పన్నెండేళ్లుగా మా మేనమామది. వేరుశనగ చేలల్లో కలుపు తీసుకొనే మనిషి, ఆ పద్దెనిమిది రోజులు మాత్రం ఒంటిపూట తిని, చాపమీద పడుకొని, రాజులాగే నడిచేవాడు.

ఆ ఏడు వీధినాటకానికి జనం పలచబడ్డారు. డేరాలో ఆడుతున్నది అరవ సినిమా, మాకు మాట అర్థం కాకపోయినా కత్తి అర్థమయ్యేది. పదిహేడో రోజు మామ నా బండిదగ్గరకు వచ్చి, ఎద్దు మెడ నిమురుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఒరే అల్లుడా, నువ్వు కూస్తే జనం వస్తారు. రేపు పొద్దున నన్ను సంపేదానికైనా నలుగురు రావాల గదరా."

ఆ మాట నన్ను ఎక్కడో గుచ్చింది. అయితే వెటకారం నోటిదగ్గరకు వచ్చాక మింగడం నాకు ఈనాటికీ చేతకాదు. ఆ సాయంత్రమే బూర ఎత్తి, "అమ్మలారా, అక్కలారా! మీ మట్టిరాజు కదలడు, మెదలడు. మా రాజు నలభైమందిని నరికి, నవ్వుతా సస్తాడు! మీ చీపుర్లు ఈడికే తెచ్చుకోండి!" అని ఊరంతా చాటాను. నవ్వుకుంటారని అన్నాను, అంతే. దీపాలు పెట్టేవేళ మొదటి ఆటకు చూద్దును కదా, డేరా గుమ్మంలో ప్రతి ఆడమనిషి చంకలో చీపురుంది. అందరికన్నా ముందు మా అత్త, అంటే ఆ మామ భార్యే!

ఆట మొదలయింది. కత్తి ఇటు ఊగితే నేలవాళ్లంతా అటు వంగేవాళ్లు. మా అమ్మ కళ్లు గట్టిగా మూసుకొని, "ఇప్పుడెవురు సచ్చినారు?" అని పక్కామెను అడుగుతూనే ఉంది. నల్లగా చిమ్మిన నెత్తురు చూసి మా పెదనాయన, "ఇదేం నెత్తురప్పా, తారు మాదిరి ఉండాది" అని పెదవి విరిచాడు. ఆ దుర్మార్గపు రాజు ఒక ఆడపిల్లను జుట్టుపట్టి ఈడ్చినప్పుడు మాత్రం డేరాలో గాలి బిగుసుకుపోయింది. చివరికి వాడి రొమ్ములో కత్తి దిగిందో లేదో, మా అత్త లేచింది. వెనకాలే అందరూ లేచారు. తెరగుడ్డమీద చీపుళ్లు పడుతుంటే వాడి ముఖం అలలు అలలుగా అదిరింది, చెంపదగ్గర గుడ్డ చిరిగింది. ఓనరు యంత్రం ఆపించి నన్ను తిట్టిన తిట్లలో సగం అరవం కాబట్టి, నేను సగమే నొచ్చుకున్నాను.

అప్పుడు మా నాయనమ్మ తెర పైకెత్తి, వెనకవైపుకు దూరి, కాసేపు తడిమి బయటకు వచ్చింది.

"ఒరే, మన్ను యాడ్రా?"

మట్టిరాజు కూలాక ఇంటికొక పిడికెడు ఆ మట్టి తీసుకుపోయి గాదెలో వేసుకుంటే గింజకు తరుగు ఉండదని మావాళ్ల నమ్మకం. సినిమాలో మన్ను ఉండదు అవ్వా, అది ఒట్టి వెలుతురు అని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మన్ను ఇయ్యకపోతే వాడు సచ్చినట్లెట్లరా? పదండమ్మే, వీడు ఉత్తుత్తోడు."

మరునాటి పొద్దున నేను భయపడుతూ దిన్నెదగ్గరకు పోయాను. మామ కిరీటం పెట్టుకొని మట్టి రొమ్ముమీద నిలబడి ఉన్నాడు. ఎదురుగా తప్పెటవాళ్లు, వేషగాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆయన మాటిమాటికీ ఊరివైపే చూస్తున్నాడు. అంతలో చేల గట్లవెంట చీపుళ్లు, చేటలు కనిపించాయి. రాత్రి డేరాలో కూర్చున్న జనమంతా, తెర చింపిన అత్తతో సహా, గుంపుగా వస్తున్నారు. మామ గొంతు ఒక్కసారిగా లేచింది. తొడ విరిగి పడిపోతున్న రాజు అంత సంతోషంగా ఉండడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇప్పటి సినిమాల్లో చావు ఎంత అందంగా ఉందో నేను కాదనను. నెత్తురు కూడా ఎర్రగానే ఉంది. కానీ మొన్న హాలు బయటకు రాగానే ఎవరి ఆటో వాళ్లు ఎక్కి పోయారు, చచ్చినవాడిని గురించి ఒక్కరూ ఒక్క మాటా అనుకోలేదు. నాకు చీపురెత్తిన ఆ ఆడవాళ్లు గుర్తుకొచ్చారు, వాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లేరు, మామా లేడు.

ఆ తిరునాళ్ల చివరిరోజు మధ్యాహ్నం మామ అరుగుమీద కూర్చొని ముఖం రంగు కడుక్కుంటుంటే, నా నోరు ఊరుకోక, "ఏమన్నా అను మామా, మా సినిమావోడు నీకన్నా బాగా సచ్చినాడు" అన్నాను.

"సస్తాడు లేరా" అన్నాడు మామ, తువ్వాలుతో మీసం తుడుచుకుంటూ. "వానికేమి, సచ్చి పోతాడు. నేను మళ్లీ లేసొచ్చి వీళ్ల పక్కనే కూసోని సంగటి తినాల గదా, అందుకే రవ్వంత తక్కవ సచ్చినా."